స్నేహితులతో తక్కువ ఖర్చులో బ్యాంకాక్: తరచుగా అడిగే ప్రశ్నలు

నలుగురైదుగురు స్నేహితులు కలిసి నాలుగు రాత్రులు, ఐదు పగళ్లు బ్యాంకాక్‌లో గడిపి రావాలనుకున్నప్పుడు సాధారణంగా అడిగే ప్రశ్నలకు ఇక్కడ సమాధానాలు ఉన్నాయి. పట్టాయా, ఫుకెట్ వంటి సముద్రతీరపు ఊళ్ల జోలికి పోకుండా, రాజధాని నగరానికీ అక్కడి నుంచి ఒక్క రోజులో వెళ్లి రాగలిగిన చోటుకూ మాత్రమే పరిమితమయ్యాను. ధరలన్నీ థాయ్ బాత్‌లలోనే ఉన్నాయి.

విమాన టికెట్ కాకుండా మనిషికి ఎంత ఖర్చవుతుంది?

హాస్టల్ డార్మిటరీలో పడక రాత్రికి 400 నుంచి 500 బాత్‌ల మధ్య దొరుకుతుంది కాబట్టి నాలుగు రాత్రులకు 1,800 అనుకోవచ్చు. వీధి బండ్ల దగ్గర, ఫుడ్ కోర్టుల్లో తింటే రోజుకు 350 చొప్పున ఐదు రోజులకు 1,750 అవుతుంది. రైళ్లు, పడవలు, అప్పుడప్పుడు నలుగురూ పంచుకునే టాక్సీ కలిపి రోజుకు 150 చొప్పున 750, మూడు పెద్ద ప్రవేశ రుసుములకు 1,000, సిమ్ కార్డుకు 300, చిల్లర మల్లర ఖర్చులకు మరో 1,000 వేసుకుంటే మొత్తం 6,600 తేలుతుంది. అనుకోని అవసరాలకు 1,400 కలిపి మనిషికి 8,000 బాత్‌లు పెట్టుకుని బయలుదేరితే ఎవరి దగ్గరా చేయి చాచవలసిన పని ఉండదు.

ఈ లెక్కలో షాపింగ్ లేదు, మద్యం లేదు. బ్యాంకాక్‌లో తిండి చవకే కానీ మద్యం చవక కాదు; బార్‌లో ఒక పెద్ద బీరు సీసాకు అయ్యే డబ్బుతో వీధి బండి దగ్గర ఇద్దరు కడుపు నిండా తినవచ్చు. బడ్జెట్ దాటిపోయిందని తిరిగొచ్చి వాపోయేవారిలో చాలామంది దాటినది ఆ గీతనే.

ఎంతమంది కలిసి వెళితే ఖర్చు కలిసొస్తుంది?

నలుగురు. మామూలు టాక్సీలో నలుగురికే చోటు ఉంటుంది, ఇద్దరు పట్టే గదులు రెండు తీసుకుంటే సరిపోతుంది, రోడ్డు పక్క దుకాణాల్లో బల్ల కూడా నలుగురికే వేస్తారు. మొదటిసారి మేము ఐదుగురం వెళ్లాం. ఎక్కవలసి వచ్చిన ప్రతి టాక్సీ దగ్గరా ఒకరు మిగిలిపోవడం, రెండో టాక్సీ పిలవడం, ఆ రెండో టాక్సీ వేరే గేటు దగ్గర దింపడం, అక్కడి నుంచి ఒకరి కోసం ఒకరు వెతుక్కోవడంతోనే రెండు సాయంత్రాలు గడిచిపోయాయి. ఆరుగురుంటే మూడేసి మంది చొప్పున విడిపోవచ్చు కాబట్టి ఐదుగురి కంటే అదే నయం.

వీసా కావాలా? విమానం ఎక్కే ముందు ఏ పత్రాలు సిద్ధం చేసుకోవాలి?

భారత పాస్‌పోర్ట్ ఉన్న పర్యాటకులు వీసా లేకుండా వచ్చి 60 రోజుల వరకు ఉండే వెసులుబాటును థాయ్‌లాండ్ 2024 జూలై 15 నుంచి కల్పించింది. ఆ గడువును తగ్గించాలన్న చర్చ ఆ తర్వాత అక్కడి ప్రభుత్వంలో నడిచింది కాబట్టి, టికెట్ కొనే రోజున థాయ్ రాయబార కార్యాలయం వెబ్‌సైట్‌లో అప్పటి నిబంధనను ఒకసారి చూసుకోవాలి. వీసా ఉన్నా లేకున్నా థాయ్‌లాండ్ డిజిటల్ అరైవల్ కార్డ్ నింపడం 2025 మే 1 నుంచి తప్పనిసరి. దీన్ని చేరుకునే రోజుకు ముందు మూడు రోజుల లోపల ఇమిగ్రేషన్ శాఖ అధికారిక వెబ్‌సైట్‌లో నింపాలి. దీనికి రుసుమేమీ లేదు. ఆ వెబ్‌సైట్‌ను పోలిన పేర్లతో ఉండి డబ్బు అడిగే సైట్లు చాలా ఉన్నాయి కాబట్టి, చెల్లింపు పేజీ కనబడిందంటే తప్పు చోటికి వచ్చారని అర్థం.

పాస్‌పోర్ట్‌కు ఇంకా ఆరు నెలల గడువు ఉండేలా చూసుకోవాలి. తిరుగు ప్రయాణం టికెట్, బస చిరునామా అందరి ఫోన్లలోనూ విడివిడిగా ఉండాలి. బృందం మొత్తానికి ఒకరే బుక్ చేసి, ఆ కాగితాలు ఆయన దగ్గరే ఉండి, ఆయన వేరే క్యూలో ముందుగా దాటిపోతే వెనక ఉన్నవారు ఇమిగ్రేషన్ అధికారి ముందు నీళ్లు నమలవలసి వస్తుంది.

ఏ నెలల్లో వెళ్లడం మంచిది?

నవంబర్ నుంచి ఫిబ్రవరి వరకు వాతావరణం హాయిగా ఉంటుంది, గదుల ధరలు మాత్రం అప్పుడే ఎక్కువ. జనవరి తర్వాత కొన్ని రోజులు గాలిలో పొగమంచులాంటి కాలుష్యం పేరుకుంటుంది కాబట్టి ఉబ్బసం ఉన్నవారు నవంబర్‌నే ఎంచుకోవాలి. ఏప్రిల్ మండిపోతుంది. అయినా 13 నుంచి 15 వరకు జరిగే సోంగ్‌క్రాన్ కోసం ఆ ఎండలోనే వెళ్లేవారు ఉన్నారు. సంక్రాంతి అనే మాట నుంచే ఆ పండుగకు ఆ పేరు వచ్చింది. ఆ మూడు రోజులూ ఊరంతా నీళ్లు చల్లుకుంటుంది, ఫోన్‌ను ప్లాస్టిక్ సంచిలో పెట్టకుండా బయటికి రాకూడదు. మే నుంచి అక్టోబర్ వరకు వానలు పడతాయి, సెప్టెంబర్‌లో అవి ముమ్మరం. రోజంతా పడవు కానీ సాయంత్రం వేళ గంటసేపు కుండపోతగా కురుస్తాయి. పైసా పైసా లెక్కపెట్టుకునే బృందానికి జూన్, జూలై అనువైన నెలలని నా అభిప్రాయం.

విమానాశ్రయం నుంచి నగరంలోకి ఎలా చేరుకోవాలి?

ముందుగా మీ విమానం ఏ విమానాశ్రయంలో దిగుతుందో చూసుకోండి. బ్యాంకాక్‌కు రెండున్నాయి. తూర్పున ఉన్న సువర్ణభూమి 2006లో తెరిచినది. ఉత్తరాన ఉన్న డాన్ మువాంగ్ పాతది, చవక విమానయాన సంస్థలు ఎక్కువగా అక్కడే దిగుతాయి.

సువర్ణభూమి భవనం కింది అంతస్తు నుంచే ఎయిర్‌పోర్ట్ రైల్ లింక్ బయలుదేరుతుంది. చివరి స్టేషన్ అయిన ఫయా థాయ్‌కు అరగంటలోపు చేరుతుంది, టికెట్ 45 బాత్‌లు. అక్కడ బీటీఎస్ అనే, రోడ్ల పైన ఎత్తులో నడిచే నగర రైలుకు మారవచ్చు. మధ్యలో మక్కసన్ దగ్గర దిగితే నడిచి వెళ్లి ఎంఆర్‌టీ అనే మెట్రో రైలు ఎక్కవచ్చు. ఈ రైలు ఉదయం ఐదున్నర ప్రాంతం నుంచి అర్ధరాత్రి వరకే నడుస్తుంది, చవక టికెట్లేమో అర్ధరాత్రి దాటాక దించుతాయి. అలాంటప్పుడు మొదటి అంతస్తులోని యంత్రం దగ్గర చీటీ తీసుకుని మీటర్ టాక్సీ ఎక్కాలి. మీటర్ 35 బాత్‌లతో మొదలవుతుంది, దాని మీద విమానాశ్రయ రుసుము 50 బాత్‌లు, ఎక్స్‌ప్రెస్‌వే మీద వెళితే టోల్ అదనం. నలుగురు పంచుకుంటే రైలు టికెట్ కంటే మరీ ఎక్కువేమీ కాదు. ఆ యంత్రం ఇచ్చే చీటీ మీద బండి వివరాలు ఉంటాయి, దిగిపోయేవరకు దాన్ని డ్రైవర్‌కు ఇవ్వకుండా మీ దగ్గరే ఉంచుకోండి.

డాన్ మువాంగ్ నుంచి 2021లో మొదలైన రెడ్ లైన్ రైలు క్రుంగ్ థెప్ అఫివత్ స్టేషన్‌కు తీసుకువెళ్తుంది, అక్కడ ఎంఆర్‌టీ దొరుకుతుంది. ఏ1 బస్సు మో చిత్ బీటీఎస్ స్టేషన్ వరకు వెళ్తుంది.

ఏ ప్రాంతంలో బస చేయాలి?

గది అద్దె కంటే ముందు చూడవలసినది రైల్వే స్టేషన్‌కు ఎంత దూరమన్నది. ఒకసారి మేము రాత్రికి 150 బాత్‌లు తక్కువని స్టేషన్‌కు రెండు కిలోమీటర్ల అవతల ఉన్న హోటల్ తీసుకున్నాం. పొద్దున, సాయంత్రం ఆ రెండు కిలోమీటర్లకే టాక్సీలకు పోసిన డబ్బు మూడో రోజుకే ఆ మిగులును మింగేసింది. మధ్యాహ్నం ఎండలో గదికి వచ్చి స్నానం చేసి మళ్లీ బయటపడే వీలూ లేకపోయింది.

ఖావోసాన్ రోడ్ పేరు అందరూ విన్నదే. చవక గదులు, రాత్రంతా సందడి ఉంటాయి కానీ దగ్గరలో రైలు లేదు, నిద్ర కూడా అంతంత మాత్రమే. పాత నగరం చూడడానికి వచ్చిన బృందానికి చైనా టౌన్ వైపు, అంటే వాట్ మంగ్కోన్, సామ్ యోట్, హువా లంఫోంగ్ ఎంఆర్‌టీ స్టేషన్ల చుట్టుపక్కల హాస్టళ్లు చాలా అనువుగా ఉంటాయి. షాపింగ్ మీద మనసున్నవారు సుఖుంవిత్ రోడ్డు వైపు చూడవచ్చు. ఆసోక్ దగ్గర ధరలు ఎక్కువ, అదే లైన్‌లో ఇంకాస్త దూరం వెళ్లి ఆన్ నుత్ దగ్గర దిగితే తక్కువ. చాలాచోట్ల గదిలో దిగేటప్పుడు 500 నుంచి 1,000 బాత్‌ల వరకు డిపాజిట్ నగదుగా అడుగుతారు, ఖాళీ చేసేటప్పుడు తిరిగి ఇస్తారు. మొదటి రోజు ఆ మొత్తం చేతిలో ఉండాలి.

నలుగురం కలిసి అపార్ట్‌మెంట్ అద్దెకు తీసుకుంటే చవక కాదా?

చవకే కావచ్చు, కానీ 2004 నాటి థాయ్ హోటల్ చట్టం ప్రకారం లైసెన్స్ లేకుండా 30 రోజుల కంటే తక్కువ కాలానికి ఇల్లు అద్దెకివ్వడం చట్టవిరుద్ధం. చాలా భవనాల్లో లిఫ్టు పక్కనే ఆ మేరకు బోర్డు కూడా ఉంటుంది. ఎవరైనా అడిగితే ఓనర్ స్నేహితులమని చెప్పండి అని యజమాని ముందే సందేశం పంపితే ఆ బుకింగ్ వదిలేయడమే మంచిది.

నగరంలో తిరగడానికి అన్నిటికంటే చవకైన మార్గం ఏది?

నీటి మార్గం. పాత బ్యాంకాక్ నదికీ కాలువలకూ ముఖం పెట్టి కట్టిన ఊరు కాబట్టి చూడవలసినవాటిలో చాలా భాగం రేవుల పక్కనే ఉన్నాయి. బీటీఎస్‌లో సఫాన్ తక్సిన్ స్టేషన్ దగ్గర దిగితే కిందనే సాథోర్న్ రేవు ఉంటుంది. అక్కడ చావో ఫ్రాయా నది మీద నడిచే నారింజ జెండా పడవ ఎక్కితే ఎంత దూరం వెళ్లినా 16 బాత్‌లే. రేవులో మిమ్మల్ని చూడగానే నీలం జెండా టూరిస్టు పడవ వైపు, రోజంతటికీ 150 బాత్‌ల పాస్ వైపు పిలుస్తారు. అది మోసమేమీ కాదు, పడవ బాగానే ఉంటుంది కూడా, కానీ మీకు అవసరం లేదు. ఆరెంజ్ ఫ్లాగ్ అని చెప్పి ముందుకు నడవండి. పడవలో కండక్టర్ చేతిలో పొడవాటి రేకు గొట్టం ఉంటుంది, అందులోని చిల్లర గలగలలాడిస్తూ దగ్గరికి వచ్చి, గొట్టం అంచుతోనే టికెట్ చింపి ఇస్తారు.

అంతకంటే సాహసం కావాలంటే సేన్ సేప్ కాలువ పడవ ఎక్కాలి. ప్రతునామ్ నుంచి పాత నగరం అంచున ఉన్న ఫాన్ ఫా రేవు వరకు, పైన రోడ్డు మీద వాహనాలు కదలకుండా నిలిచిపోయిన వేళ కూడా ఇది దూసుకుపోతుంది, ఛార్జీ 20 బాత్‌లు దాటదు. కాలువ నీరు మాత్రం నల్లగా ఉంటుంది. ఎదురుగా మరో పడవ వస్తే అంచున కూర్చున్నవారే తాడు లాగి ప్లాస్టిక్ తెర పైకెత్తాలి. మొదటిసారి ఆ సంగతి తెలియక నేను తాడు వైపు చూస్తూ కూర్చుంటే పక్కనున్న పెద్దావిడ నా చేతి మీద తట్టి తానే లాగింది. ఈ పడవలు రేవు దగ్గర కొన్ని క్షణాలే ఆగుతాయి, కాబట్టి దిగవలసినవారంతా ముందే లేచి నిలబడాలి. రాత్రి పొద్దుపోయాక ఇవి నడవవు.

మిగతా ప్రయాణాలకు రైళ్లే మేలు. బీటీఎస్, ఎంఆర్‌టీ వేర్వేరు సంస్థలు నడిపేవి కావడంతో ఒకదాని నుంచి మరొకదానికి మారినప్పుడు ఛార్జీ మళ్లీ మొదటి నుంచి పడుతుంది. అందువల్ల ఆ రోజు చూడదలచిన చోట్లు ఒకే లైన్ మీద ఉండేలా చూసుకుంటే డబ్బు మిగులుతుంది. ఎంఆర్‌టీ గేటు దగ్గర వీసా, మాస్టర్‌కార్డ్ కాంటాక్ట్‌లెస్ కార్డు నేరుగా తాకించి వెళ్లవచ్చు. టుక్‌టుక్ ఒకసారి సరదాకి ఎక్కదగినదే తప్ప చవక వాహనం కాదు. అదే దూరానికి ఏసీ ఉన్న మీటర్ టాక్సీకే తక్కువ అవుతుంది. మీటర్ వేయనన్న టాక్సీని వదిలేసి గ్రాబ్ లేదా బోల్ట్ యాప్‌లో బండి పిలవడం ఉత్తమం.

గ్రాండ్ ప్యాలెస్‌కు 500 బాత్‌లు పెట్టడం అవసరమా?

ఒక్కదానికే డబ్బు పెట్టాలంటే దీనికే పెట్టమంటాను, అందులోనూ తెలుగువారికి ప్రత్యేకంగా చెబుతాను. 1782లో మొదటి రామ రాజు బ్యాంకాక్‌ను రాజధానిగా చేసుకుని కట్టించిన ప్రాసాదమిది. దీని ఆవరణలోనే మరకత బుద్ధుడి ఆలయమైన వాట్ ఫ్రా కేవ్ ఉంది. జనమంతా ఆ చిన్న పచ్చని విగ్రహం ముందు గుమిగూడితే, ఆలయం చుట్టూ ఉన్న మండపం గోడలు మాత్రం దాదాపు ఖాళీగా ఉంటాయి. ఆ గోడల మీద 178 చిత్రాల్లో రామాయణం మొత్తం గీసి ఉంది. థాయ్‌లో దాని పేరు రామకియెన్. రావణుడు అక్కడ తోసకంథ్, అంటే దశకంఠుడు. సీత నాంగ్ సీదా, లక్ష్మణుడు ఫ్రా లక్. ఉత్తర ద్వారం దగ్గర మొదలుపెట్టి వరుసగా నడిస్తే గైడ్ లేకుండానే కథ తెలిసిపోతుంది. వారధి కట్టే ఘట్టం దగ్గర కాస్త ఆగండి: మన ఇంట్లో బ్రహ్మచారి అయిన హనుమంతుడు ఇక్కడ సువన్నమచ్చ అనే మత్స్యకన్యను ప్రేమిస్తాడు, ఆమె రావణుడి కూతురు. మా బృందంలో ఆంజనేయుడి భక్తుడొకడు ఆ బొమ్మ ముందు నిలబడి చాలాసేపు మాట్లాడలేదు.

టికెట్లు ఉదయం 8:30 నుంచి మధ్యాహ్నం 3:30 వరకే ఇస్తారు. తెరిచే వేళకే వెళ్లాలి. పది దాటితే టూరు బస్సుల జనం నిండిపోతారు. మోకాళ్లు, భుజాలు కప్పే దుస్తులు ఆడ మగ అందరికీ తప్పనిసరి, స్లీవ్‌లెస్ చొక్కా మీద చున్నీ కప్పుకున్నా ఒప్పుకోకపోవచ్చు. గేటు ఎదురుగా ఏనుగు బొమ్మల ప్యాంట్లు అమ్ముతారు కానీ అవే చతుచక్ బజారులో తక్కువకు వస్తాయి. ఇదే టికెట్ మీద సాలా చలెర్మ్‌క్రుంగ్ థియేటర్‌లో రామకియెన్ ఆధారంగా సాగే ఖోన్ ముసుగు నాట్య ప్రదర్శన కూడా చూపిస్తూ వచ్చారు. టికెట్ తీసుకునేటప్పుడు ఆ రోజు ప్రదర్శన ఉందా అని అడగండి. చాలామంది ఆ సంగతి గమనించకుండా టికెట్‌ను చెత్తబుట్టలో వేసేస్తారు.

మిగతావాటిలో దేనికి డబ్బు పెట్టాలి, ఏవి ఉచితం?

ప్యాలెస్ నుంచి నడిచి వెళ్లదగిన దూరంలో ఉన్న వాట్ ఫోకు 300 బాత్‌లు. 46 మీటర్ల పొడవున శయనించిన బుద్ధుడి వెనక వైపు 108 కంచు పాత్రలు వరుసగా ఉంటాయి, చిల్లర నాణేలు కొనుక్కుని ఒక్కో పాత్రలో ఒక్కటి వేస్తూ నడుస్తారు. విగ్రహం కంటే ముందు ఆ టింగుటింగుమనే చప్పుడే చెవిన పడుతుంది. అక్కడి నుంచి థా తియెన్ రేవుకు వచ్చి కొద్ది బాత్‌లకే పడవలో నది దాటితే వాట్ అరుణ్, రుసుము 200 బాత్‌లు. బడ్జెట్ బిగుతుగా ఉంటే లోపలికి వెళ్లకుండా, సాయంత్రం ఇవతలి ఒడ్డున నిలబడి దీపాలు వెలిగే వేళ చూసినా చాలు.

చైనా టౌన్‌లోని వాట్ త్రైమిత్‌కు 100 బాత్‌లే. అక్కడి బుద్ధ విగ్రహానికి శతాబ్దాలుగా సున్నపు పూత ఉండేది. 1955లో దాన్ని కొత్త మందిరానికి తరలించేటప్పుడు కింద పడి పూత పగిలింది, లోపల ఉన్నది 5.5 టన్నుల బంగారమని అప్పుడు బయటపడింది. కాలువ పడవ చివరి రేవు పక్కనే గుట్ట మీద ఉన్న గోల్డెన్ మౌంట్ ఆలయానికి కూడా 100 బాత్‌లు, పాత నగరమంతా కనబడుతుంది.

లుంఫినీ పార్కుకు టికెట్ లేదు. మనిషంత పొడవున్న ఉడుములు కొలను గట్టు మీద ఎండ కాచుకుంటూ ఉంటాయి, వాటికి ఏమీ పెట్టకండి. సియామ్ స్టేషన్ సమీపంలోని బ్యాంకాక్ ఆర్ట్ అండ్ కల్చర్ సెంటర్, ఎరవాన్ కూడలిలోని నాలుగు ముఖాల బ్రహ్మ మందిరం, సీలోమ్‌లో తమిళులు కట్టిన మారియమ్మన్ గుడి కూడా ఉచితమే. చతుచక్ బజారు శని, ఆదివారాల్లోనే పూర్తిగా తెరుస్తారు కాబట్టి ఐదు రోజుల్లో ఒక వారాంతం పడేలా టికెట్లు తీసుకోవాలి.

ఈ రోజు ప్యాలెస్ మూసేశారని ఎవరో చెప్పారు. నిజమేనా?

దాదాపు ఎప్పుడూ నిజం కాదు. మంచి చొక్కా వేసుకున్న పెద్దమనిషి గేటుకు కొద్ది దూరంలో పలకరించి, ఈ పూట పూజలున్నాయని, మధ్యాహ్నం తెరుస్తారని, ఈలోగా 20 బాత్‌లకే టుక్‌టుక్‌లో నాలుగు గుళ్లు చూపిస్తారని చెబుతాడు. ఆ టుక్‌టుక్ చివరికి రత్నాల దుకాణం ముందో కుట్టు దుకాణం ముందో ఆగుతుంది. వాదించకుండా నవ్వి గేటు వరకు నడవండి, తెరిచే ఉంటుంది.

శాకాహారులకు, గొడ్డుమాంసం తిననివారికి తిండి దొరుకుతుందా?

దొరుకుతుంది, కానీ కూరగాయలతో చేశారన్నంత మాత్రాన శాకాహారం అనుకోకూడదు. చేప సాస్ అయిన నామ్ ప్లా, ఆయిస్టర్ సాస్, రొయ్యల ముద్ద అన్నిటిలోనూ పడతాయి; బొప్పాయి సలాడ్ సోమ్ తమ్‌లో ఎండు రొయ్యలు కూడా ఉంటాయి. మీరు చెప్పవలసిన మాట 'జే'. పసుపు జెండా మీద ఎర్రని అక్షరాలతో ఆ మాట రాసి ఉన్న బండి దగ్గర మాంసం, చేప, గుడ్డు, పాలు, చివరికి ఉల్లి, వెల్లుల్లి కూడా ఉండవు. గుడ్డు, పాలు పరవాలేదనుకునేవారు 'మాంసవిరత్' అనవచ్చు. మాంసం నుంచి విరతి అని వినగానే అర్థమయ్యే మాటే కదా. గొడ్డుమాంసం వద్దనడానికి 'మై కిన్ నువా' అంటారు. 'మూ' అంటే పంది, 'కై' అంటే కోడి, 'కుంగ్' అంటే రొయ్య.

మూడో రోజుకల్లా బృందంలో ఎవరో ఒకరికి పప్పన్నం మీద మనసు మళ్లుతుంది. అప్పుడు సామ్ యోట్ స్టేషన్ దగ్గరలోని ఫాహురత్ వీధికి వెళ్లండి. బంగారు గుమ్మటమున్న గురుద్వారాలో తల కప్పుకుని వచ్చిన ప్రతివారికీ లంగర్‌లో ఉచితంగా శాకాహార భోజనం పెడతారు. తిన్నాక తోచినంత హుండీలో వేయడం, కంచం తీసి పెట్టడం మర్యాద.

మామూలు రోజుల్లో ఆసోక్ దగ్గర టెర్మినల్ 21 మాల్‌లో ఉన్న ఫుడ్ కోర్టు వంటిది బృందానికి బాగా కుదురుతుంది. కౌంటర్‌లో కార్డు మీద డబ్బు వేయించుకుని ఎవరికి కావలసినది వారు తెచ్చుకుని, మిగిలినది తిరిగి తీసుకోవచ్చు. ధరలు దాదాపు వీధి బండ్ల స్థాయిలోనే ఉంటాయి. కుళాయి నీళ్లు తాగకండి.

డబ్బు ఎలా తీసుకెళ్లాలి? అందరి ఖర్చులూ ఎలా పంచుకోవాలి?

ఏటీఎంలలో విదేశీ కార్డుకు ప్రతిసారీ 220 బాత్‌లు లేదా అంతకు మించి రుసుము పడుతుంది, అంటే నాలుగు పూటల భోజనం. కాబట్టి డాలర్లు తీసుకెళ్లి నగరంలో మార్చుకోవడం నయం. మడతలు, మరకలు లేని 100 డాలర్ల నోటుకు చిన్న నోట్ల కంటే మంచి రేటు ఇస్తారు. సువర్ణభూమిలో దిగగానే కనబడే కౌంటర్ల కంటే కింద రైలు స్టేషన్ పక్కనున్న మనీ ఛేంజర్ల దగ్గర రేటు చాలా మెరుగు. కార్డు వాడినప్పుడు యంత్రం మీ సొంత కరెన్సీలో చెల్లిస్తారా అని అడిగితే వద్దని, బాత్‌లలోనే చెల్లించాలి. బండ్ల దగ్గర కనబడే క్యూఆర్ స్థానిక బ్యాంకు ఖాతాల కోసం పెట్టినది, మీకు నగదే గతి.

పంచుకోవడానికి ఉమ్మడి సంచి పద్ధతి మేలు. మొదటి రోజు అందరూ తలా 1,500 బాత్‌లు ఒక పర్సులో వేసి, టాక్సీ, పడవ, నీళ్లు, కలిసి తిన్న భోజనం అందులో నుంచే కట్టాలి; బీరు, ఐస్‌క్రీమ్, షాపింగ్ ఎవరిది వారిదే. పర్సు పట్టుకునేవారిని ప్రతిరోజూ మార్చండి. ఒకరే పట్టుకుంటే మూడో రోజుకు ఆ మనిషి చిరాకుగానూ మిగతావారు పిల్లల్లానూ తయారవుతారు. మద్యం తాగేవారూ తాగనివారూ కలిసి ఉన్న బృందంలో బిల్లును తలకింత అని సమానంగా పంచడం అన్యాయం, ఆ మాట విమానం ఎక్కకముందే తేల్చుకోవాలి.

తెలియక చేసినా చిక్కుల్లో పడేసే పనులేమిటి?

రాత్రి గదిలో పేకాట వేద్దామనుకునేవారు జాగ్రత్తపడాలి. 1935 నాటి థాయ్ పేకముక్కల చట్టం ప్రకారం అనుమతి లేకుండా 120 ముక్కలకు మించి దగ్గర ఉంచుకోకూడదు. జోకర్లతో కలిపి రెండు సెట్లు 108 అవుతాయి. ఐదారుగురు రమ్మీ ఆడడానికి మూడో సెట్ విప్పారంటే గీత దాటినట్టే. డబ్బు పెట్టి ఆడడం ఎలాగూ నేరం. ఇది ఎవరూ పట్టించుకోని పాత చట్టమని తీసిపారేయకండి: 2016లో పట్టాయాలో బ్రిడ్జ్ ఆడుకుంటున్న 32 మందిని పోలీసులు అదుపులోకి తీసుకున్నారు, వారిలో ఎక్కువమంది వయసు మళ్లిన విదేశీయులే.

ఈ-సిగరెట్లు ఆ దేశంలోకి తీసుకురావడం నిషేధం కాబట్టి ఇంట్లోనే వదిలి వెళ్లాలి. రాజును, రాజకుటుంబాన్ని అవమానించడం శిక్షాస్మృతి 112వ సెక్షన్ కింద 3 నుంచి 15 ఏళ్ల జైలు పడే నేరం, కాబట్టి ఆ విషయంలో హాస్యం సోషల్ మీడియాలో కూడా వద్దు. ఉదయం 8 గంటలకు, సాయంత్రం 6 గంటలకు స్టేషన్లలో, పార్కుల్లో జాతీయగీతం వినబడితే అందరితోపాటు ఆగి నిలబడండి. స్త్రీలు భిక్షువులను తాకకూడదు, చేతికి నేరుగా ఏదీ అందించకూడదు.

బృందంలో అమ్మాయిలు ఉంటే రాత్రి వేళ తిరగడం క్షేమమేనా?

జనం ఉన్న వీధుల్లో అర్ధరాత్రి వరకు ఇబ్బంది ఉండదు, స్త్రీలకు విడిగా డార్మిటరీలు చాలా హాస్టళ్లలో ఉన్నాయి. రైళ్లు అర్ధరాత్రి ప్రాంతంలో ఆగిపోతాయి కాబట్టి ఆ తర్వాత యాప్‌లో పిలిచిన బండిలోనే రండి, ఎవరినీ ఒంటరిగా వదలకండి. పట్‌పాంగ్ అనే బార్ల వీధిలో పై అంతస్తుకు పిలిచి, ప్రవేశం ఉచితమని చెప్పి, దిగేటప్పుడు వేల బాత్‌ల బిల్లు చేతిలో పెట్టే చోట్లు ఉన్నాయి; ఆ మెట్లు ఎక్కకండి. టూరిస్టు పోలీసుల నంబర్ 1155, అంబులెన్స్‌కు 1669. ప్రయాణ బీమా మాత్రం ఖర్చు తగ్గించుకోదగిన చోటు కాదు, ప్రైవేటు ఆసుపత్రుల బిల్లులు భారీగా ఉంటాయి.

ఒక రోజు ఊరి బయటికి వెళ్లాలంటే ఎక్కడికి?

అయుత్థయకు. పేరు అయోధ్య నుంచి వచ్చింది. 1767లో బర్మా సేనలు నేలమట్టం చేసేవరకు నాలుగు శతాబ్దాలకు పైగా సియాం (థాయ్‌లాండ్ పాత పేరు) రాజధాని అదే. హువా లంఫోంగ్ నుంచి బయలుదేరే మామూలు ప్యాసింజర్ రైలులో మూడో తరగతి టికెట్ 20 బాత్‌ల ప్రాంతంలో ఉంటుంది, రెండు గంటల్లోపు చేరుకుంటారు. ఫ్యాన్లు తిరిగే పెట్టెలు, తెరిచిన కిటికీలు, బుట్టలతో వచ్చి వేయించిన కోడి, అన్నం పొట్లాలు అమ్మేవారు ఉంటారు. స్టేషన్ ఎదుటి వీధి చివర పడవలో నది దాటి, అవతల సైకిళ్లు అద్దెకు తీసుకోండి. వాట్ మహాథాత్‌లో రావి చెట్టు వేళ్ల మధ్య ఇరుక్కుని కనబడే బుద్ధుడి శిరస్సు దగ్గర ఫొటో దిగేటప్పుడు నేల మీద కూర్చోవాలి, మీ తల ఆ తల కంటే పైన ఉండకూడదు. నిలబడితే కాపలాదారు వెంటనే ఈల వేస్తాడు. తిరుగు రైలు తరచుగా ఆలస్యం అవుతుంది కాబట్టి, ఆ రాత్రే విమానం ఉన్న రోజున ఈ ప్రయాణం పెట్టుకోకండి.

చివరి రోజు గది ఖాళీ చేశాక సామాను ఎక్కడ పెట్టాలి? విమానాశ్రయానికి ఎప్పుడు బయలుదేరాలి?

హాస్టళ్లు సాయంత్రం వరకు సామాను ఉచితంగానే ఉంచుకుంటాయి. ఫయా థాయ్ నుంచి విమానాశ్రయ రైలు వేళకే చేరుస్తుంది కాబట్టి విమానానికి మూడున్నర గంటల ముందు రైలు ఎక్కితే చాలు. సాయంత్రం ఐదు నుంచి ఏడు మధ్య టాక్సీ మాత్రం వద్దు. ఉమ్మడి పర్సులో మిగిలిన చిల్లరను స్టేషన్ దగ్గర పండ్ల బండి మీద ఖర్చు చేయండి, విమానాశ్రయంలో ఒక నీళ్ల సీసాకు అయ్యే డబ్బుతో అక్కడ నాలుగు పొట్లాల జామకాయ ముక్కలు, ఉప్పూకారం పొడితో సహా వస్తాయి.

సువర్ణభూమి నుంచి వెళ్లేవారు పాస్‌పోర్ట్ తనిఖీ దాటగానే ఎదురుగా పెద్ద శిల్పం చూస్తారు: వాసుకిని చుట్టిన మందర పర్వతం, ఒకవైపు దేవతలు, మరోవైపు రాక్షసులు, శిఖరం మీద విష్ణువు. క్షీరసాగర మథనం అది. బృందమంతా చేరడానికి అంతకంటే మంచి గుర్తు ఆ హాలులో లేదు. వాసుకి తోక దగ్గర కలుద్దామని ముందే చెప్పుకోండి.